మౌంటెన్ బైక్ హబ్బు: మన రాతి దుమ్ములో ఏది నిలుస్తుంది?

కొత్త వీల్‌సెట్ (చక్రాల జత) కట్టించుకుందాం అనుకున్నవాళ్లు ఎక్కువమంది ఒకే ప్రశ్నతో మొదలుపెడతారు: "అన్నా, ఈ హబ్బులో ఎన్ని పాయింట్లు?" హబ్బంటే చక్రం మధ్యలో, ఇరుసు చుట్టూ తిరిగే భాగం. వెనక హబ్బు ఒక చుట్టు తిరిగేలోపు ఎన్నిచోట్ల పట్టుకుంటుందో చెప్పే అంకె అది. ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేదీ అదే. కానీ హైదరాబాద్‌లో తొక్కేవాళ్లకి ఆ ప్రశ్న వరసలో చివరన రావాలని నా గట్టి అభిప్రాయం. రిమ్ము సొట్టపోతే మార్చుకుంటాం, టైరు ఎలాగూ అరిగిపోతుంది. హబ్బు మాత్రం సరిగ్గా ఎంచుకుంటే రెండు మూడు రిమ్ములు మారినా అలాగే ఉంటుంది. డబ్బు కూడా ఎక్కువగా పోయేది దాని మీదే. అందుకే దేని తర్వాత ఏది చూడాలో ముందే తేల్చుకోవడం మంచిది.

ఫ్రేములో కూర్చుంటుందా?

మన ఊళ్లో ఎక్కువగా కనిపించే తక్కువ ధర మౌంటెన్ బైకుల్లో ముందు ఫోర్కు 100 మి.మీ. వెడల్పు ఉంటుంది, వెనక ఫ్రేము 135 మి.మీ. రెండింటికీ సన్నటి క్విక్ రిలీజ్ (లివరుతో బిగించే) కడ్డీయే. వాటికి పై మెట్టు సైకిళ్లలో ముందు 15 మి.మీ., వెనక 12 మి.మీ. మందమున్న త్రూ యాక్సిల్ (ఫ్రేము గుండా దూర్చి బిగించే ఇరుసు) వచ్చింది. వెనక కొలత 142 అని రాసి ఉంటే కంగారు పడక్కర్లేదు. అది పాత 135 హబ్బే, ఫ్రేములోని గాడిలో దిగడానికి రెండు పక్కలా చెరో మూడున్నర మి.మీ. పెరిగిందంతే. అందుకే చాలా మంచి హబ్బుల్లో ఎండ్ క్యాపులు (ఇరుసు చివరల మూతలు) మార్చేస్తే 135 నుంచి 142కి వెళ్లిపోవచ్చు. ఇవాళ క్విక్ రిలీజ్ ఫ్రేము తొక్కుతూ, ఒకటి రెండేళ్లలో ఫ్రేము మార్చాలనుకునేవాళ్లకి ఇది పెద్ద వెసులుబాటు. ఆర్డర్ పెట్టేముందు తప్పకుండా అడగాల్సిన విషయం కూడా.

2014 ప్రాంతంలో మొదలైన బూస్ట్ అనే వెడల్పు కొలతల సంగతి వేరు. అందులో ముందు 110, వెనక 148. ఇరుసు పొడవు ఒక్కటే పెరిగి ఉంటే ఇబ్బంది ఉండేది కాదు. స్పోకులు తగిలించే అంచులు, అంటే ఫ్లేంజిలు, వెనక చెరో 3 మి.మీ., ముందు చెరో 5 మి.మీ. బయటికి జరిగాయి. బ్రేకు రోటరు (డిస్కు) కూడా వాటితోపాటే జరిగింది. కాబట్టి 142 హబ్బుని 148 ఫ్రేములో పెట్టాలంటే ఎండ్ క్యాపులు సరిపోవు. రోటరు కింద స్పేసరు వేయాలి, రిమ్మును మళ్లీ నడిమికి లాగాలి. పాత చక్రాన్ని కాపాడుకోవడానికైతే ఆ పని చేయొచ్చు, కొత్తగా కట్టించేటప్పుడు ఆ అతుకులెందుకు? ఇంకో చిక్కు కూడా ఉంది. ట్రెక్ లాంటి కంపెనీలు కొన్ని తక్కువ ధర మోడళ్లలో క్విక్ రిలీజ్‌తోనే 141 మి.మీ. కొలత ఇచ్చాయి. చూడ్డానికి అది పాత 135 లాగే ఉంటుంది. మోడల్ పేరు చూసి ఊహించకుండా, చక్రం విప్పి, హబ్బు వచ్చి ఆనే ముఖం నుంచి అవతలి ముఖం దాకా కొలుచుకోండి. ఐదు నిమిషాల పని.

రోటరు బిగించే పద్ధతులు రెండు: ఆరు బోల్టులది, జపాన్ కంపెనీ షిమానో తెచ్చిన సెంటర్ లాక్ (మధ్యలో ఒకే రింగుతో బిగించేది). సెంటర్ లాక్ హబ్బుకి అడాప్టర్ వేసి ఆరు బోల్టుల రోటరు బిగించొచ్చు, అటునుంచి ఇటు మాత్రం కుదరదు. అంతకుమించి ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిందేమీ లేదు.

ఫ్రీహబ్ బాడీ, అంటే వెనక పళ్లచక్రాల గుత్తి (క్యాసెట్) ఎక్కే భాగం, దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే క్యాసెట్ ఖర్చంతా దానిమీదే ఆధారపడుతుంది. షిమానో హెచ్‌జీ అనే, గాళ్లు (పొడుగు గాడులు) ఉన్న పాత బాడీలో అతి చిన్న పళ్లచక్రం 11 పళ్లది. 2012లో అమెరికా కంపెనీ స్రామ్ వాళ్ల ఎక్స్‌డీ బాడీ వచ్చింది, 2018లో షిమానో మైక్రో స్ప్లైన్ వచ్చింది. ఈ రెండూ 10 పళ్ల చక్రం పట్టడానికి పుట్టినవే. షిమానో 12 స్పీడ్ డియోర్ 10-51 (చిన్న చక్రం 10 పళ్లు, పెద్దది 51) క్యాసెట్‌కి మైక్రో స్ప్లైన్ కావాలి. స్రామ్ జీఎక్స్ ఈగిల్‌కి ఎక్స్‌డీ కావాలి. అదే స్రామ్ ఎన్‌ఎక్స్, ఎస్‌ఎక్స్ ఈగిల్ 11-50 క్యాసెట్లు, 11 స్పీడ్ డియోర్ 11-51, కొత్త షిమానో క్యూస్, ఇవన్నీ హెచ్‌జీ మీదే ఎక్కుతాయి. హెచ్‌జీ క్యాసెట్లు చవక, ఏ షాపులోనైనా దొరుకుతాయి. కింది అంచున 10 పళ్ల చక్రం వల్ల వచ్చే వేగం మన దారుల్లో అంతగా అక్కరకు రాదు. అందుకే, ఇప్పటికే 10 పళ్ల క్యాసెట్ లేనివాళ్లకి నేను హెచ్‌జీయే చెబుతాను, బాడీ తర్వాత మార్చుకోగలిగే హబ్బైతే చాలు. ఒక్క జాగ్రత్త: అల్యూమినియం హెచ్‌జీ బాడీలో విడివిడి పళ్లచక్రాలు గాళ్లలోకి కోసుకుపోతాయి, ఒక్కోసారి క్యాసెట్ ఊడదీయడమే కష్టమవుతుంది. ఉక్కు బాడీ దొరికితే కొంచెం బరువైనా అదే తీసుకోండి. కనీసం గాళ్ల అంచున ఉక్కు పట్టీ ఉన్నదైనా చూడండి.

దుమ్ము, నీళ్లు

హైదరాబాద్ చుట్టూ ఉన్న గుట్టలు గ్రానైట్‌వి, సుమారు 250 కోట్ల ఏళ్లనాటి రాయి. ఖాజాగూడ బండల దగ్గరైనా, గండిపేట చుట్టుపక్కల మట్టి దారుల్లోనైనా, టైరు కింద కరకరలాడేది ఆ రాయే పొడై ఏర్పడిన గరుసు. దాంట్లో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. క్వార్ట్జ్ బేరింగ్ ఉక్కుకన్నా గట్టిది. అంటే మన దుమ్ము హబ్బులోకి దూరితే గ్రీజుని పాడు చేసి ఊరుకోదు, గోళీలు తిరిగే దారినే గీరేస్తుంది. అటు చేవెళ్ల, వికారాబాద్ వైపు వెళ్తే వానాకాలంలో నల్లరేగడి చక్రానికి ముద్దలా అంటుకుని, నీటిని హబ్బు అంచునే పట్టి ఉంచుతుంది. మార్చి నుంచి మే దాకా పొడి దుమ్ము, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బురద. వేరే దేశాల సమీక్షల్లో ఏడాది పొడుగునా చల్లటి అడవి మట్టిలో నడిచి మార్కులు కొట్టేసిన హబ్బు ఇక్కడ కూడా అలాగే ఉంటుందని అనుకోలేం.

కాబట్టి నా వరసలో కొలతల తర్వాత వచ్చేది సీలు, బేరింగు. బేరింగు ఏర్పాట్లు రెండు రకాలు. షిమానో హబ్బుల్లో ఎక్కువగా కనిపించేది కప్పు-కోను పద్ధతి: విడి గోళీలు, వాటిని బిగించే కోను. పక్కబరువుని ఇది బాగా తట్టుకుంటుంది, విప్పి కడిగి గ్రీజు పెట్టి మళ్లీ బిగించొచ్చు. క్విక్ రిలీజ్ వెనక హబ్బుల్లో సాధారణంగా పక్కకి తొమ్మిది చొప్పున పావు అంగుళం గోళీలు ఉంటాయి, అవి ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతాయి. సైకిల్ షాపులుండే ఇసామియా బజార్‌లో చెయ్యి తిరిగిన మిస్త్రీ అయితే కళ్లు మూసుకుని చేసే పని ఇది. దీని బలహీనత ఒక్కటే, కానీ పెద్దది. కప్పు గీరుకుపోతే దాన్ని మార్చడం దాదాపు కుదరదు, హబ్బే పోయినట్టు. వానాకాలం ముందొకసారి, తర్వాత ఒకసారి తప్పకుండా విప్పించేవాళ్లకి షిమానో హబ్బు ఎన్నేళ్లైనా నడుస్తుంది. అలా చూసుకోనివాళ్లకి అది సరిపడదు.

రెండోది కార్ట్రిడ్జ్ బేరింగు (గోళీలు, రింగులు, సీలు ఒకే ముక్కగా వచ్చేది), మిగతా కంపెనీలన్నీ దాదాపు దీన్నే వాడతాయి. పాడైతే బేరింగునే తీసి పారేసి కొత్తది నొక్కేస్తాం, హబ్బుకి ఏమీ కాదు. మన పరిస్థితుల్లో నేను ఇటే మొగ్గుతాను. అయితే ఏ బేరింగు వేశారన్నది ముఖ్యం. సీలు అంచు మీద సన్నటి అక్షరాల్లో అంకె ఉంటుంది, దాన్ని చదవండి. 6902 అని ఉంటే లోపలి వ్యాసం 15, బయటి వ్యాసం 28, మందం 7 మి.మీ. 6802 అయితే లోపల అదే 15, కానీ బయట 24, మందం 5 మాత్రమే, అంటే గోళీలు చిన్నవి. చిన్న గోళీలున్న బేరింగు దుమ్ముకీ దెబ్బలకీ తొందరగా లొంగుతుంది. అంకె వెనక 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు పక్కలా రబ్బరు సీలు ఉందని అర్థం. అది లేకుండా రేకు మూత ఉన్న బేరింగు మన దారుల్లోకి వద్దే వద్దు. 6000, 6001 లాంటి సైజులు మోటార్లలో విరివిగా వాడతారు కాబట్టి రాణిగంజ్ బేరింగు షాపుల్లో అడగ్గానే ఇస్తారు. 6902, 6802 లాంటి పల్చటి సైజులకి అంకె రాసుకుని వెళ్లి నాలుగు షాపులు అడగాలి. ఏ జపాన్, యూరప్ కంపెనీ బేరింగైనా కొలత అదే. ఏ హబ్బు ముందు పెట్టినా నేను మొదట వెతికేది ఈ అంకె. అది ఎక్కడా దొరకని ప్రత్యేక సైజైతే, హబ్బు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేస్తాను.

బేరింగు పరిస్థితి తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. ఇరుసు తీసి, లోపలి రింగులో వేలు పెట్టి మెల్లగా తిప్పండి. గ్రీజులో తిరుగుతున్నట్టు బరువుగా, నున్నగా ఉంటే బాగున్నట్టే. వేలికి చిన్న చిన్న మెట్లు తగులుతున్నాయంటే దారి గీరుకుపోయింది. బ్లేడు మొనతో రబ్బరు సీలుని లోపలి అంచు దగ్గర మెల్లగా లేపి చూడండి. గ్రీజు తెల్లగా పాలలా మారితే నీళ్లు దూరాయి, ఎర్రటి గోధుమ రంగులో ఉంటే తుప్పు మొదలైంది. తెల్లబడిన దశలోనే కడిగి కొత్త గ్రీజు పెడితే ఆ బేరింగు బతుకుతుంది.

నీళ్లు ఎక్కువగా దూరేది వానలో తొక్కినప్పుడు కాదు, తొక్కాక వాటర్ వాష్‌కి ఇచ్చినప్పుడు. మోటార్‌సైకిళ్లు కడిగే ప్రెషర్ గన్నుని హబ్బుకి ఎదురుగా పెడితే ఏ రబ్బరు సీలూ ఆగలేదు. పైగా ఎండలో వేడెక్కిన హబ్బు మీద చల్లటి నీళ్లు పడగానే లోపలి గాలి కుంచించుకుని, చుట్టూ ఉన్న నీటిని సీలు సందుల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. బకెట్టు, మగ్గు, పాత బ్రష్షు చాలు.

బేరింగు మార్పించేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. కొత్త బేరింగుని హబ్బులోకి నొక్కేటప్పుడు బలం బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద సుత్తితో కొడితే ఆ దెబ్బ గోళీల మీదుగా వెళ్లి, తొక్కకముందే దారిలో గుంటలు పడతాయి. "ఏం కాదు సార్, కూర్చుంటది" అని సుత్తి ఎత్తితే, ఆగమని చెప్పడంలో మొహమాటం వద్దు. అదే సైజు పాత బేరింగుని మధ్యలో పెట్టి, బోల్టుతో మెల్లగా బిగిస్తూ నొక్కమనండి.

ఇక పాయింట్ల లెక్క

పెడల్ ఆపి మళ్లీ తొక్కినప్పుడు హబ్బు పట్టుకునేలోపు పెడల్ కొంత దూరం ఖాళీగా తిరుగుతుంది. పాయింట్లు పెరిగేకొద్దీ ఆ ఖాళీ తగ్గుతుంది. 36 పాయింట్ల హబ్బులో ఒక్కో పాయింటుకి 10 డిగ్రీలు. కానీ అది హబ్బు దగ్గర. మన పాదం దగ్గర ఎంత అవుతుందో చూడాలంటే ఆ డిగ్రీలను వెనక పళ్లతో గుణించి ముందు పళ్లతో భాగించాలి. ముందు 32, వెనక 51 వేసుకుని ఎక్కుతున్నామనుకోండి: 10 ఇంటూ 51 బై 32, దాదాపు 16 డిగ్రీలు. 170 మి.మీ. క్రాంకు (పెడల్ తగిలించే చెయ్యి) చివర అది దాదాపు 4.7 సెం.మీ. అదే 18 పాయింట్ల హబ్బైతే 9.5 సెం.మీ. దాకా వెళ్తుంది, అంటే పాదం కింద బెత్తెడు ఖాళీ. 108 పాయింట్ల హోప్ ప్రో 5లో ఒకటిన్నర సెం.మీ., 690 పాయింట్ల ఇండస్ట్రీ నైన్ హైడ్రాలో రెండున్నర మి.మీ. ఇవన్నీ గరిష్ఠంగా పోయే దూరాలు, సగటున ఇందులో సగమే.

ఇప్పుడు అదే 36 పాయింట్ల హబ్బుతో వెనక 13 పళ్ల మీద వేగంగా పోతున్నప్పుడు చూడండి. ఖాళీ 4 డిగ్రీలే, పాదం దగ్గర 12 మి.మీ. మనిషికి తెలియను కూడా తెలియదు. కాబట్టి పాయింట్లు పనికొచ్చేది పెద్ద పళ్లచక్రం మీద, నడక వేగంతో, బండల మధ్య పెడల్ రాయికి తగలకుండా అర చుట్టు వెనక్కీ ముందుకీ తిప్పుతూ ఎక్కేచోట. అనంతగిరి లాంటిచోట రాళ్లు తేలిన ఏటవాలు మీద అలా ఎక్కేవాళ్లకి 18కీ 36కీ తేడా స్పష్టంగా తెలుస్తుంది. 36 నుంచి 54కి కొంత తెలుస్తుంది. 108 దాటాక వచ్చే లాభం చాలా కొద్దిమంది పాదాలకే అందుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ కప్పున్న సైకిల్ ట్రాక్ మీద వారమంతా తొక్కి, ఆదివారం మట్టి దారిలోకి దిగేవాళ్లకి 36 చాలు, అంతకుమించి పెట్టే డబ్బు టైర్లకి పెట్టండి.

ఎక్కువ పాయింట్లకి మూల్యం కూడా ఉంది. 70 కిలోల మనిషి 170 మి.మీ. క్రాంకు మీద నిలబడి మొత్తం బరువు వేస్తే క్రాంకు దగ్గర దాదాపు 117 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం) పుడుతుంది. 32-51 గేరులో అది హబ్బు దగ్గరికి వచ్చేసరికి 186 అవుతుంది. రాచెట్ (హబ్బు లోపలి పళ్ల రింగు) వ్యాసార్ధం 16 మి.మీ. అనుకుని, మూడు పాల్స్ (ఆ పళ్లలో పడి పట్టే కొక్కేలు) ఆ బరువుని సమానంగా పంచుకున్నాయనుకుంటే, ఒక్కో చిన్న ఉక్కు పాల్ మీద దాదాపు 400 కిలోల బలం పడుతుంది. పాయింట్లు పెరగాలంటే పళ్లు సన్నబడాలి, లేదా పాల్స్ వంతులవారీగా పట్టుకోవాలి. సన్నటి పళ్లలో ఒక్క గరుసు రేణువు ఇరుక్కున్నా, గ్రీజు చిక్కబడినా, పాల్ పూర్తిగా దిగకుండా అంచున పట్టుకుంటుంది. సరిగ్గా నిలబడి తొక్కినప్పుడే అది జారుతుంది, మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది. అందుకే తయారీ నాణ్యత తెలియని చవక హబ్బులో ఎక్కువ పాయింట్లు చూస్తే నాకు ఆశకన్నా భయమే ఎక్కువ కలుగుతుంది. చప్పుడు తగ్గించడానికి మామూలు మల్టీపర్పస్ గ్రీజు దట్టంగా కుక్కడం కూడా ఇదే ప్రమాదం తెస్తుంది. పాల్స్ దగ్గర పల్చటి గ్రీజు కొద్దిగా పూస్తే చాలు.

వెనక సస్పెన్షన్ ఉన్న సైకిళ్లకి ఇంకో మాట. సస్పెన్షన్ కుంగినప్పుడు చైను లాగబడి పెడల్‌ని వెనక్కి తన్నుతుంది. హబ్బులో కొంత ఖాళీ ఉంటే ఆ తన్ను పాదం దాకా రాకముందే కొంత హరించుకుపోతుంది. దిగుడే లోకంగా తొక్కేవాళ్లు కావాలనే తక్కువ పాయింట్లు ఎంచుకోవడానికి కారణం ఇదే.

పట్టే విధానంలో నాకు బాగా నచ్చింది స్విట్జర్లాండ్ కంపెనీ డీటీ స్విస్ వాడే స్టార్ రాచెట్. పళ్లున్న రెండు ఉక్కు రింగులు ఎదురెదురుగా స్ప్రింగుతో నొక్కుకుని ఉంటాయి, తొక్కగానే పళ్లన్నీ ఒకేసారి పట్టుకుంటాయి. 350 మోడల్‌లో ఎండ్ క్యాప్ చేత్తో లాగితే ఫ్రీహబ్ బాడీ ఊడి చేతిలోకి వస్తుంది, రింగులు గుడ్డతో తుడిచి, గ్రీజు రాసి, మళ్లీ నొక్కేస్తే అయిపోయింది. తర్వాత ఎప్పుడైనా 54 పళ్ల రింగులు వేసుకోవచ్చు. బురదలో తొక్కి ఇంటికొచ్చిన సాయంత్రం మిస్త్రీతో పని లేకుండా చేసుకోగలిగిన పని ఇది. మన ఊరికి ఇంతకన్నా పెద్ద సుగుణం నాకు కనిపించలేదు. ఇంగ్లండ్ హోప్ వాళ్లు పాత మోడళ్లకి కూడా విడిభాగాలు అమ్ముతారు, అందుకే వాటికి రెండో స్థానం. అమెరికా కంపెనీ క్రిస్ కింగ్ పనితనం అద్భుతం, కానీ ఆ ధర పెట్టగలిగినవాళ్లు తక్కువ. బడ్జెట్ తక్కువైతే నోవాటెక్ లాంటి తైవాన్ హబ్బులు చెడ్డవేం కావు. ఏ మోడలో సరిగ్గా రాసుకుని, పాల్స్, స్ప్రింగులు విడిగా దొరుకుతాయో లేదో ముందే తేల్చుకోండి.

రంధ్రాలు, స్పోకులు

32 రంధ్రాలు, మెడ వంగిన మామూలు స్పోకులు. మన దగ్గర ఇంతకన్నా ఆలోచించాల్సింది లేదు. 28 రంధ్రాలతో కొన్ని గ్రాములు తగ్గుతాయి, కానీ ఒక్క స్పోకు తెగితే మిగతావాటి మీద పడే భారం ఎక్కువ. నిటారు స్పోకుల హబ్బులు చూడ్డానికి బాగుంటాయి గానీ, వికారాబాద్‌లో ఒక స్పోకు తెగితే ఆ రకం దొరికే షాపు ఎక్కడుంది?

ఫ్లేంజిల మధ్య దూరం మాత్రం స్పెసిఫికేషన్ కాగితంలో తప్పకుండా చూడాలి. వెనక చక్రంలో క్యాసెట్ చోటు ఆక్రమించడం వల్ల కుడి ఫ్లేంజి మధ్య గీతకి దగ్గరగా, ఎడమది దూరంగా ఉంటుంది. దాంతో కుడి స్పోకుల్లో టెన్షన్ ఎక్కువ, ఎడమ వాటిలో తక్కువ. ఎడమ టెన్షన్ మరీ తగ్గితే నిపిళ్లు (స్పోకుల చివరి నట్లు) వదులై, రిమ్ము మాటిమాటికీ బెండు వస్తుంది. ఈ తేడా తక్కువగా ఉన్న హబ్బే మేలు.

స్పోకు పొడవు కూడా ఈ కొలతల మీదే ఆధారపడుతుంది. ఉదాహరణకి రిమ్ము లోపలి లెక్క వ్యాసం (స్పోకు చివరలు చేరేచోట) 600 మి.మీ., ఫ్లేంజి రంధ్రాల వలయం 58 మి.మీ., 32 స్పోకులు, మూడు దాట్ల అల్లిక (ఒక్కో స్పోకు మరో మూడింటిని దాటేది) అనుకుందాం. మధ్య గీత నుంచి ఫ్లేంజి 35 మి.మీ. దూరంలో ఉన్న ఎడమ వైపుకి 291 మి.మీ. స్పోకు కావాలి, 21 మి.మీ. దూరంలో ఉన్న కుడి వైపుకి సుమారు 289 లేదా 290. రెండు పక్కలా ఒకటే పొడవు చాలని షాపువాళ్లు అంటే ఒప్పుకోకండి. హబ్బు చేతికొచ్చాక ఫ్లేంజిలను, రిమ్మును స్వయంగా కొలిచి, ఆ తర్వాతే స్పోకులు తెప్పించండి.

హబ్బు బయటి నుంచి తెప్పిస్తుంటే కస్టమ్స్ సుంకం, పన్ను, కొరియర్ ఖర్చు ఎలాగూ తప్పవు. చిన్న విడిభాగం కోసం తర్వాత ఇంకోసారి అదంతా కట్టడం బాధాకరం. కాబట్టి అదే పార్సెల్‌లో ఫ్రీహబ్ సీలు ఒకటి, పాల్ స్ప్రింగులు లేదా రాచెట్ స్ప్రింగులు ఒక సెట్టు, ఒక జత ఎండ్ క్యాపులు వేయించండి. బేరింగులు మాత్రం అక్కర్లేదు, అంకె ఉంటే రాణిగంజ్‌లో దొరుకుతాయి.